ఊర్మిళ నిద్ర నుంచి మాయాబజారు దాకా



గుంటూరులో బ్రాడీపేట అంటే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు. నరసరావుపేట, మాచర్ల, చీరాల, ఒంగోలు వైపు నుంచి వచ్చిన పిల్లలు ఈ లైన్లలో, అడ్డరోడ్లలో గదులు తీసుకుని చదువుకుంటారు. పాఠాలు పక్కన పెట్టిన వేళ వాళ్ళ చేతిలో ఉండేది ఫోను. అందులో సినిమాలు, రీల్సు చూసేవాళ్ళే ఎక్కువ. కథలు చదివేవాళ్ళు కూడా తక్కువేమీ లేరు. ఆ చదివేవాళ్ళు ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒకటుంది. నువ్వు చదివిన ఫ్యాన్ ఫిక్షన్‌లో బెస్ట్ ఏది? నన్నెవరైనా ఇదే ప్రశ్న అడిగితే ఏం చెబుతానన్నది ఈనాటి నా ప్రసంగం.

పెద్దవాళ్ళ కోసం ముందుగా ఒక్క మాట. ఎవరో ఒక రచయిత ఒక పాత్రను సృష్టిస్తాడు. ఆ పాత్ర మీద మనసు పడ్డ పాఠకుడు కథ ముగిసినా ఊరుకోడు. తరవాతేమైంది, మధ్యలో చెప్పకుండా వదిలేసిన ఆ పదేళ్ళూ ఏం జరిగింది, ఆ పక్కన నిలబడ్డ అమ్మాయి ఏమనుకుంది అని తానే ఊహించి రాస్తాడు. డబ్బు కోసం కాదు, ఇష్టం కొద్దీ. దాన్నే ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు.

పాఠకుడి ఇష్టం ఎంత మొండిదో పడమటి దేశాలు బాగానే చూశాయి. కానన్ డాయల్ 1893 డిసెంబరులో అచ్చయిన కథలో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతం దగ్గర చంపేశాడు. పాఠకులు ఒప్పుకోలేదు. పదేళ్ళకు, 1903లో, ఆయనే హోమ్స్‌ను బతికించి తీసుకురావాల్సి వచ్చింది. అమెరికాలో 1967లో స్టార్ ట్రెక్ అనే టీవీ ధారావాహిక అభిమానులు ‘స్పాకనేలియా’ అని సొంత పత్రిక ఒకటి వేసుకున్నారు. ఇలాంటి అభిమానుల రాతలన్నీ ఒకచోట దాచిపెట్టే ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే భాండాగారానికి 2019లో హ్యూగో పురస్కారం ఇచ్చారు. విజ్ఞాన కల్పనా సాహిత్యంలో అది పెద్ద గౌరవం. కుర్రకారు కాలక్షేపం అని కొట్టిపారేసిన వ్యవహారానికి అలా పీట దక్కింది.

మనకు మాత్రం ఈ పీట కొత్త కాదు. తెలుగు సాహిత్యం మొదలైందే ఒకరి కథను ఇంకొకరు అందుకుని చెప్పడంతో. నన్నయ 11వ శతాబ్దంలో భారతం తెలుగు చేస్తూ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన 13వ శతాబ్దంలో విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. మధ్యలో మిగిలిన ముక్కను 14వ శతాబ్దంలో ఎర్రన పూర్తి చేశాడు. ఈ ఎర్రన మన ప్రకాశం సీమ కవి, అద్దంకిని ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలోని వాడు. ఆ ముక్కను ఆయన తన ప్రభువుకు అంకితం ఇవ్వలేదు. నన్నయే రాస్తున్నాడా అన్నట్టు రాజరాజనరేంద్రుడికే ఇచ్చాడు. శైలి కూడా నన్నయలా మొదలుపెట్టి నెమ్మదిగా తిక్కన వైపు నడిపించాడు. అది అనువాదమే, కల్పన కాదు. కాని తన కంటే ముందువాణ్ణి అంతగా ప్రేమించి, ఆయన గొంతులో తన గొంతు కలిపేసిన మనిషిని అభిమాని అనక ఏమంటాం? పెద్దన మనుచరిత్ర సంగతీ చూడండి. మార్కండేయ పురాణంలో చిన్న కథగా ఉన్న ప్రవరుడి వృత్తాంతాన్ని తీసుకుని ఒక ప్రబంధం కట్టేశాడు. కాబట్టి మన ముందున్న రాశి పెద్దది. అందులోంచి మేలైనది ఏరడమే కష్టం.

ఏరడానికి ఒక పద్ధతి కావాలి. మన మిర్చి యార్డులో కొనేవాడు టిక్కీ మీద రాసిన పేరు చూసి ధర కట్టడు. మచ్చు తీస్తాడు, రంగు చూస్తాడు, కాయ విరుస్తాడు, తేమ ఎంతుందో చేత్తోనే తెలుసుకుంటాడు. కథ దగ్గర నేను చూసేవి కూడా మూడు. మొదటిది, పాత్ర తన స్వభావం పోగొట్టుకోకూడదు. పేరు మాత్రం కృష్ణుడిదై, మాటలు, చేతలు ఎవరివో అయితే ఆ కథకు కృష్ణుడెందుకు? రెండోది, రచయిత మూలకథలో నిజంగా ఖాళీ ఉన్నచోటు నుంచి లోపలికి రావాలి. నిండుగా ఉన్న గోడను పగలగొట్టి రాకూడదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. కొత్త కథ చదివాక పాత కథ దగ్గరికి మళ్ళీ వెళ్ళాలనిపించాలి. వెళ్ళినప్పుడు అంతకుముందు కనబడనిది అక్కడ కనబడాలి.

ఈ మూడూ పెట్టుకుని మొదట అందరికీ తెలిసినదాన్నే చూద్దాం. మాయాబజార్. 1957 మార్చి 27న విడుదలైంది. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలు, పాటలు. నిర్మించింది విజయా వారు, అంటే నాగిరెడ్డి, మన తెనాలి చక్రపాణి. ఇందులోని పెళ్ళి వ్యాసుడి భారతంలో లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర ఒక్కతే. బలరాముడికి శశిరేఖ అనే కూతురు, ఆమెకు బావతో ప్రేమ, దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడితో నిశ్చయం, ఘటోత్కచుడి మాయాశశిరేఖ, ఇదంతా జనం అల్లుకున్న కథ. తమిళ, మరాఠీ నేలల్లో ఈ అమ్మాయి పేరు వత్సల. మన దగ్గర శశిరేఖ. నాటకాలుగా ఆడారు, 1936లోనే సినిమాగా కూడా తీశారు. విజయా వారి చేతికొచ్చేసరికి అది అప్పటికే ఎందరో అభిమానులు సాపు చేసిన కథ.

మూలంలో ఖాళీ ఎక్కడుందో చూడండి. పాండవులు అడవులకు వెళ్ళారు. సుభద్ర, అభిమన్యుడు ద్వారకలో పుట్టింటి పంచన ఉన్నారు. ఆ పదమూడేళ్ళూ వాళ్ళెలా గడిపారో వ్యాసుడు విప్పి చెప్పలేదు. ఆస్తి పోయిన ఆడపడుచును పుట్టింట్లో వదినగారు ఎలా చూస్తుందో మాత్రం తెలుగువాడికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ సందులోంచే కథ లోపలికి వచ్చింది. పాండవులు తెరమీద కనబడనే కనబడరు. భారతం పేరుతో తీసిన సినిమాలో భారత కథానాయకులే లేరు! పక్కన నిలబడే పాత్రలన్నీ ముందుకొచ్చాయి. రాక్షసుడైన ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావు రూపంలో ఇంటింటి అన్నయ్య అయ్యాడు. హస్తినాపురం నుంచి వచ్చిన పెళ్ళివారి భోజనాల్లో గోంగూర ఉండి తీరాలని, అది లేకపోతే కౌరవప్రభువుకు ముద్ద దిగదని శర్మగారు, శాస్త్రిగారు హెచ్చరిస్తారు. గంగ ఒడ్డు రాజుకు గోంగూర ఏమిటని గుంటూరు జిల్లాలో ఎవరూ అడగలేదు. కథ మనదైపోయిందనడానికి అంతకంటే గుర్తు ఏం కావాలి?

మూడో పరీక్షలో కూడా మాయాబజార్ నెగ్గుతుంది. సినిమా నవ్వుతూ ముగుస్తుంది. ఆ నవ్వు మనసులో ఉండగా భారతంలో ద్రోణపర్వం చదవండి. యుద్ధంలో పదమూడో రోజు అభిమన్యుడు పద్మవ్యూహంలో పడిపోతాడు. పద్నాలుగో రోజు రాత్రి కర్ణుడి శక్తికి ఘటోత్కచుడు కూలిపోతాడు. వివాహభోజనం దగ్గర మనం చూసిన అన్నదమ్ములిద్దరూ ఒకరోజు తేడాలో లేకుండా పోతారు. సినిమా చూడని పాఠకుడికి ఆ రెండు చావులు కథలో భాగం. చూసినవాడికి ఇంట్లో జరిగినంత బాధ. కల్పించిన కథ మూలకథను తగ్గించలేదు, దాని బరువు పెంచింది.

ఇక దుర్యోధనుడి సంగతి. మన జిల్లాల్లో దుర్యోధనుడికి ఉన్నంతమంది అభిమానులు ధర్మరాజుకు లేరు. పద్యనాటకాల కాలం నుంచీ అంతే. ఆ వేషానికి పేరుపడ్డ మాధవపెద్ది వెంకట్రామయ్యగారు మన ప్రాంతం నటులే. తెనాలిలో సూతాశ్రమం అనే ఇల్లు కట్టుకుని ఉన్న త్రిపురనేని రామస్వామి చౌదరి 1911లోనే ‘కురుక్షేత్ర సంగ్రామం’ రాసి కౌరవుల పక్షాన వాదన వినిపించారు. 1920లో ‘శంబుక వధ’ నాటకం రాసి, తపస్సు చేసినందుకు తల పోగొట్టుకున్న శూద్రుడి తరఫున నిలబడ్డారు. ఆయన బారిష్టరు, తెనాలి పురపాలక సంఘం అధ్యక్షుడు. పురాణాన్ని కోర్టు బోనులో నిలబెట్టి అడ్డప్రశ్నలు వేశారు. ఆయన్ను అభిమాని అనలేం, ప్రతివాది అనాలి. రంగనాయకమ్మగారి ‘రామాయణ విషవృక్షం’ కూడా ఆ కోవలోదే. ఇవి చదవాల్సిన పుస్తకాలే. కాని నేను ఏరుతున్న రాశి వేరు. వీళ్ళకు పాత్రలతో తగాదా ఉంది, నేను వెతికేది పాత్రలతో చుట్టరికం.

ఆ చుట్టరికం 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో ఉంది. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదువుకున్న నందమూరి తారకరామారావు అందులో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ కట్టారు. మాటలు రాసింది విప్పర్లలో పుట్టిన కొండవీటి వెంకటకవి. మయసభలో నేలనుకుని నీళ్ళలో పడ్డవాణ్ణి చూసి నవ్వినవాళ్ళ వైపు నుంచే మనం ఆ కథ వింటూ వచ్చాం. వెంకటకవి పడ్డవాడి లోపలికి వెళ్ళి అక్కణ్ణుంచి రాశారు. ఆ సంభాషణలు క్యాసెట్లయి పెళ్ళిపందిళ్ళలో, తిరునాళ్ళలో మోగాయి. చదువు రానివాళ్ళు కూడా సమాసాలతో సహా అప్పజెప్పారు. దీనికి నా దగ్గర మంచి మార్కులే ఉన్నాయి. ఒక్కచోట తగ్గుతాయి. నాయకుణ్ణి ఎత్తి నిలబెట్టే ఉత్సాహంలో ఎదుటి పక్షం పలచబడింది. ద్రౌపదికి చేసిన అన్యాయం నాయకుడి అవమానం ముందు చిన్నదిగా కనబడుతుంది. అభిమాని రచనలో ఎక్కువగా వచ్చే జబ్బు ఇదే. ఇష్టమైనవాడికి తప్పులుండవు.

మహాభారతం దాకా వెళ్ళకుండా మన కాలానికి దగ్గరి పాత్రలను చూద్దాం. గురజాడ కన్యాశుల్కం 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో ఆయనే తిరగరాశారు. నాటకం అయిపోతుంది గాని గిరీశం, మధురవాణి అయిపోరు. ముళ్ళపూడి వెంకటరమణ గిరీశాన్ని మద్రాసు తీసుకొచ్చి సినిమాల మీద లెక్చర్లిప్పించారు. గిరీశానికి సినిమా రంగం కంటే తగిన చోటు ఇంకోటి లేదు కాబట్టి పాత్ర స్వభావం ఎక్కడా చెడలేదు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ మధురవాణి పేరుమీద ఇంటర్వ్యూలు రాశారు. పెన్నేపల్లి గోపాలకృష్ణ ‘మధురవాణి ఊహాత్మక ఆత్మకథ’ అని పూర్తి పుస్తకమే రాశారు. సౌజన్యారావు ఇంటి గడప దాటాక ఆ అమ్మాయి ఎటు వెళ్ళింది అన్న ప్రశ్న నూరేళ్ళు దాటినా తెలుగువాళ్ళను వదల్లేదు. గొప్ప పాత్రకు ఇదొక కొలత.

రేడియోలో మాట్లాడుతూ చలం ‘పురూరవ’ను వదిలేస్తే తప్పవుతుంది. తెనాలిలో పెరిగిన చలం ఋగ్వేదంలో సంవాదంగా, కాళిదాసు దగ్గర నాటకంగా ఉన్న ఊర్వశి పురూరవుల కథను తీసుకుని, వెళ్ళిపోయే ఊర్వశి పక్షం వహించారు. ఆకాశవాణిలో శారదా శ్రీనివాసన్ ఊర్వశిగా పలికిన ఆ నాటకం విన్నవాళ్ళు ఇప్పటికీ ఆ గొంతు గురించి చెప్పుకుంటారు. ఈ కథకు మైకు బాగా కుదిరింది. ఊర్వశికి మొహం లేదు కాబట్టి విన్న ప్రతివాడూ తన ఊర్వశిని తాను చూసుకున్నాడు.

ఇప్పుడు నా జాబితాలో పై వరసకు వస్తాను. మొదట జాషువా ‘గబ్బిలం’. 1941లో వచ్చింది. వినుకొండలో పుట్టి, గుంటూరులో కన్నుమూసిన కవి. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు ప్రియురాలికి మేఘం చేత కబురు పంపుతాడు. జాషువా ఆ చట్రం యథాతథంగా తీసుకున్నారు. కబురు ఉంది, దూత ఉంది, దారిలో ఊళ్ళు, వాటి చరిత్ర ఉన్నాయి, చివర కైలాసం ఉంది. మార్చింది ఇద్దర్ని. పంపేవాడు యక్షుడు కాదు, అంటరానివాడని ఊరు వెలేసిన పేదవాడు. దూత మేఘం కాదు, గబ్బిలం. ఎందుకంటే అతను అడుగుపెట్టలేని గుళ్ళోకి గబ్బిలం వెళ్ళగలదు. గర్భగుడి చూరుకు వేలాడి, పూజారి లేని సమయం చూసి శివుడి చెవిలో చెప్పగలదు. ఇంత సహజమైన దూత ఇంకో కావ్యంలో నాకు కనబడలేదు. ఇది చదివి మేఘసందేశం తెరిస్తే, విరహం కూడా కొంత వెసులుబాటు ఉన్నవాడి బాధే అని తోస్తుంది. కాళిదాసు మీద ఇష్టం లేనివాడు ఆ చట్రాన్ని అంత శ్రద్ధగా కాపాడుకోడు. కోపం లేనివాడు అందులో ఆ మనిషిని నిలబెట్టడు. రెండూ ఒకచోట ఉండటమే గబ్బిలం బలం. పాత్రలు అవే కావు కాబట్టి దీన్ని నేను అడిగిన పద్దులో నేరుగా చేర్చలేను. పక్క పద్దులో మాత్రం దీనికే మొదటి స్థానం.

ఆ తర్వాత ఓల్గా ‘విముక్త’. ఓల్గా 1950లో గుంటూరులో పుట్టారు, తెనాలి కళాశాలలో పాఠాలు చెప్పారు. ఈ కథల సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పుస్తకం చిన్నది. సీత ఒక్కొక్క కథలో ఒక్కొక్క స్త్రీని కలుస్తుంది. శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను. రామాయణంలో వీళ్ళలో కొందరు ఒకరికొకరు ఎదురైనా మనసువిప్పి మాట్లాడుకున్నది లేదు. ఓల్గా పట్టుకున్న ఖాళీ అదే. ‘సమాగమం’ కథలో లవకుశులు అడవిలో ఒక పూలతోట చూసొచ్చి తల్లికి చెబుతారు. ఆ తోట పెంచింది ముక్కూచెవులూ పోగొట్టుకున్న శూర్పణఖ. అందం పోయిన మనిషి అందాన్ని మట్టిలోంచి పండించుకుంది. భర్త వదిలేసిన సీత, అదే భర్త కారణంగా రూపం పోగొట్టుకున్న శూర్పణఖ ఎదురెదురుగా కూర్చుంటారు. కొట్టుకోరు, ఏడవరు, మాట్లాడుకుంటారు. హాస్టల్ పిల్లలెవరైనా ఒక్కటే చదివే తీరిక ఉంది, ఏది చదవమంటారు అంటే ‘సమాగమం’ పేరు చెబుతాను. ఒక్క బిగిన చదివేయొచ్చు. చివర్లో ‘బంధితుడు’ అన్న కథలో ఓల్గా రాముడి లోపలికి కూడా వెళ్ళారు. ఇందాక చెప్పిన జబ్బు ఈ పుస్తకానికి లేదనడానికి ఆ కథే సాక్ష్యం.

అయితే నా దృష్టిలో అన్నిటికంటే మేలైనది పుస్తకంగా పుట్టలేదు. దాన్ని రాసినవాళ్ళ పేర్లు కూడా లేవు. అవి మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు మధ్యాహ్నాలు పని తెమిలాక పాడుకున్న రామాయణపు పాటలు. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు, లంకాయాగం, సీత వామనగుంటలు, కుశలవుల కుచ్చెల కథ. మగవాళ్ళ సభల్లో పురాణం చెప్పే అవకాశం లేనివాళ్ళు, చాలామంది చదువు కూడా లేనివాళ్ళు, తమకు ఇష్టమైన కథలో తమకు తెలియనిచ్చిన భాగంతో తృప్తిపడక మిగతాది తామే కట్టుకున్నారు. డబ్బు లేదు, పేరు లేదు, అచ్చు లేదు. ఒట్టి ఇష్టం. అభిమానుల రచన అన్నదానికి ఇంతకంటే స్వచ్ఛమైన ఉదాహరణ ఎక్కడుంది?

ఊర్మిళ పాట తీసుకోండి. వాల్మీకి ఊర్మిళకు పెళ్ళి చేసి, అయోధ్యలో గడప దాటించి, తర్వాత దాదాపు మరిచిపోయాడు. లక్ష్మణుడు అడవికి వెళుతుంటే ఆ పిల్ల ఏమైందో చెప్పలేదు. మన ఆడవాళ్ళకు అది పెద్ద ఖాళీగా కనబడింది. అడవిలో పద్నాలుగేళ్ళు నిద్ర లేకుండా కాపలా కాసినవాడి నిద్ర ఎక్కడికి పోయింది? భార్యకు చేరింది. పాట పట్టాభిషేకం తర్వాత మొదలవుతుంది. కొలువులో పనుల మీద ఉన్న మగవాళ్ళకు ఊర్మిళ గుర్తు లేదు. గుర్తు చేసేది సీత. లక్ష్మణుడు గదిలోకి వెళ్ళి లేపబోతే నిద్రమత్తులో ఉన్న ఊర్మిళ అతన్ని పోల్చుకోదు. ఎవడో పరాయివాడనుకుని, పరస్త్రీని కోరినవాళ్ళకు పట్టే గతి చెప్పి హెచ్చరిస్తుంది. పద్నాలుగేళ్ళు భర్త మొహం చూడని ఇల్లాలు ఇంకెలా మాట్లాడుతుంది? ఒక్క ఫిర్యాదు మాట లేదు. ఆ పోల్చుకోకపోవడమే ఫిర్యాదు. పెద్ద పెద్ద రచయితలు కూడా ఆశపడే పనితనం ఇది.

‘లక్ష్మణదేవర నవ్వు’ ఇంకా గడుసుది. నిండు కొలువులో లక్ష్మణుడు ఉన్నట్టుండి ఫక్కున నవ్వుతాడు. గడువు తీరింది కదా అని నిద్రాదేవి వచ్చి అతనికి మాత్రమే కనబడింది, అందుకు నవ్వు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. సుగ్రీవుడు, విభీషణుడు, కొలువుకు వచ్చిన శివుడు, చివరికి సీతాదేవితో సహా ప్రతి ఒక్కరూ తన రహస్యమేదో తలుచుకుని, నన్ను చూసే నవ్వాడని తల దించుకుంటారు. అంతటి మహానుభావులు కూడా లోపల ఏదో ఒకటి దాచుకున్నవాళ్ళే అని నిండు కొలువులో చూపించిన ఆ పాటగత్తె ఎవరో గాని, ఆమెకు సమానమైన వ్యంగ్య రచయిత అరుదు.

ఇంకో పాటలో శూర్పణఖ సన్యాసిని వేషంలో సీత దగ్గరికి వస్తుంది. రావణుడి బొమ్మ గీసిమ్మంటుంది. సీత వాడి కాలి వేలు తప్ప చూడలేదు, అది మాత్రమే గీస్తుంది. మిగిలిన బొమ్మ శూర్పణఖ పూర్తి చేస్తుంది. ఆ బొమ్మ కాపురంలో చిచ్చు పెట్టి సీతను మళ్ళీ అడవి పాలు చేస్తుంది. ఊళ్ళో ఎవరో అన్న మాటకు భార్యను వదిలాడన్న మూలకథ కంటే ఈ పాటలోని రాముడు మనకు తెలిసిన మొగుళ్ళకు మరింత దగ్గరగా ఉన్నాడు. పరాయి మగవాడి బొమ్మ ఇంట్లో దొరికితే ఏమవుతుందో పాడినవాళ్ళకు తెలుసు.

వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన ఒక వ్యాసంలో ఈ పాటలను ప్రపంచం ముందు పెట్టారు. రాముడి యుద్ధాల కంటే నీళ్ళాటలు, అలకలు, కాన్పులు, అత్తాకోడళ్ళ వ్యవహారాలు వీటిలో ఎక్కువని చూపించారు. ఇక్కడ ఒక వంశవృక్షం కూడా కనబడుతుంది. పాటలో ఊర్మిళది నిద్ర. ఓల్గా కథలో ఊర్మిళ తలుపులు మూసుకున్నది నిద్రపోవడానికి కాదు, ఒంటరిగా తనను తాను తెలుసుకోవడానికి. పాటలో శూర్పణఖ సీతకు శత్రువు, ఓల్గా కథలో స్నేహితురాలు. పాత అభిమానుల కల్పనను కొత్త అభిమాని అందుకుని తిప్పి రాసింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఆడవాళ్ళ ఆలోచన ఎంత దూరం నడిచిందో ఏ చరిత్ర పుస్తకం అక్కర్లేకుండా తెలుస్తుంది.

కాబట్టి నా వరస ఇది. మొదటిది ఊర్మిళాదేవి నిద్ర. రెండోది విముక్త. మూడోది మాయాబజార్. పక్క పద్దులో గబ్బిలం. పాటల కోసం కృష్ణశ్రీ సేకరించిన ‘స్త్రీల రామాయణపు పాటలు’ వెతకండి. గుంటూరువాళ్ళకు ఇంకో సౌకర్యం ఉంది. బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉంది. లంకా సూర్యనారాయణగారు జీవితమంతా కూడబెట్టిన పుస్తకాలతో ఏర్పడింది. బ్రాడీపేట నుంచి ఆటో ఎక్కితే ఎంతో దూరం కాదు. పాత పుస్తకం కోసం ముందు అక్కడ అడగండి.

రాయాలనుకునే పిల్లలకు రెండు మాటలు. పురాణ పాత్రల మీద ఎవరికీ హక్కులు లేవు, గురజాడ పాత్రల మీదా ఇప్పుడు లేవు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళ వరకు హక్కులు వారసులవి. ఇటీవలి నవలల, సీరియళ్ళ పాత్రలతో సరదాగా రాసుకుంటే రాసుకోండి. అమ్మకానికి పెట్టేముందు మాత్రం అనుమతి అడగండి. రెండోది, అభిమాన నటుడి పాత్ర మీద ఎంతైనా రాయండి, ఆ నటుడి ఇంట్లో మనుషుల మీద రాయొద్దు. పాత్ర మనది, మనిషి మనవాడు కాదు.

చివరగా ఇంట్లో డెబ్బై, ఎనభై ఏళ్ళ పెద్దవాళ్ళున్న శ్రోతలకు నా విన్నపం. ఈ పాటల్లో అచ్చెక్కినవి కొన్నే. మీ అమ్మమ్మకో నాయనమ్మకో ఊర్మిళ పాట గాని, సీత పాట గాని వస్తే ఈ ఆదివారమే పక్కన కూర్చుని పాడించుకోండి. ఫోనులో రికార్డు చేయండి. ఆమె పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా చెప్పించండి. కట్టినవాళ్ళ పేర్లు ఎలాగూ దక్కలేదు, పాడినవాళ్ళ పేర్లయినా దక్కించుకుందాం.